కంప్యూటర్‌కు నిద్ర నేర్పిన చరిత్ర

మన బెంగళూరు చరిత్రలో 1905 ఆగస్టు 5 మరచిపోకూడని తేదీ. ఇప్పటి కె.ఆర్. మార్కెట్ ప్రాంతంలో ఆ రోజు కరెంటు వీధిదీపాలు వెలిగాయి. ఆ కరెంటు కావేరి నది మీద శివనసముద్రం దగ్గర తయారైంది. అయితే అది మొదట వచ్చింది మన ఊరికి కాదు. 1902లోనే అక్కడి నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి కోలార్ బంగారు గనులకు ఇచ్చారు. ఆ గనుల్లో తెలుగువాళ్ళు కూడా ఎంతోమంది పనిచేశారు. గనికి ముందు, వీధికి తర్వాత. ఉన్న కరెంటు కొంచెమే అయినప్పుడు ముందు ఎవరికి, తర్వాత ఎవరికి, ఎవరిది ఆపాలి అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిందే.

కంప్యూటర్ లోపల కూడా అచ్చం ఇదే తగువు ఉంది. ప్రాసెసర్, మెమరీ, డిస్క్, తెర, ఫ్యాన్ అన్నీ కరెంటు తాగేవే. బ్యాటరీ మాత్రం ఒక్కటే. పని లేనప్పుడు దేన్ని పడుకోబెట్టాలి, దేన్ని మేలుకోనివ్వాలి అని తేల్చేది ఎవరు? ముప్పై ఏళ్ళలో ఆ అధికారం ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా మారింది, అందులో మన ఊరి వాటా ఎంత అన్నదే ఈ వ్యాసం. బెంగళూరు ఐటీ చరిత్ర అనగానే అందరూ 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ వచ్చింది, వాళ్ళ డిష్ యాంటెనాను ఎద్దుల బండి మీద తెచ్చారు అని చెప్తారు. ఆ ఫోటో బాగానే ఉంటుంది. కానీ లోపల జరిగిన పని ఫోటోలో కనపడదు కదా.

ముందు రెండు మాటలకు అర్థం చెప్తాను. అమ్మానాన్నలు కూడా చదువుతారు కాబట్టి ఇది అవసరం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అడుగున ఉండే ముఖ్యమైన భాగాన్ని కెర్నల్ అంటారు. పెళ్ళి వంటల్లో పెద్ద వంటమనిషి లాంటిది అది. ఏ పొయ్యి ఎవరికి, ఏ గిన్నె ఎప్పుడు అన్నీ దాని చేతిలోనే. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్‌ను ఎవరైనా తెరిచి చదవవచ్చు, మార్చుకోవచ్చు. మన యంత్రానికి తగినట్టు దాన్ని తయారుచేసుకునే ముందు ఒక పెద్ద ప్రశ్నల పట్టిక వస్తుంది. ఇది కావాలా, వద్దా, లేక అవసరమైనప్పుడు కలుపుకునే విడి ముక్కగా కావాలా అని ఒక్కో ప్రశ్న అడుగుతుంది. వై, ఎన్, ఎం అనే మూడు అక్షరాలతో జవాబు చెప్పాలి. దీన్నే కెర్నల్‌ను కాన్ఫిగర్ చేయడం అంటారు. ఆ పట్టికలో 'పవర్ మేనేజ్‌మెంట్' అనే ఒక భాగం ఉంటుంది. మన కథ అంతా ఆ భాగంలోనే ఉంది.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఎ.పి.ఎం. అనే పద్ధతి తెచ్చాయి. అందులో అధికారం బయోస్‌ది. బయోస్ అంటే కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ మదర్‌బోర్డు మీద చిప్‌లో పెట్టి పంపే ప్రోగ్రామ్. దాని లోపల ఏముందో కొన్నవాళ్ళకు తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ 'ఇప్పుడు నాకు పని లేదు' అని బయోస్‌తో చెప్పుకోవచ్చు, 'పడుకుందామా' అని అడగవచ్చు. అంతే. ఏది ఎలా ఆపాలో బయోస్ ఇష్టం.

లినక్స్‌లో ఈ ఎ.పి.ఎం.కు ఉన్న ప్రశ్నల జాబితా చూస్తే నవ్వు వస్తుంది, జాలీ వేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు బయోస్‌కు చెప్పాలా? బయోస్‌ను పిలిచినప్పుడు మధ్యలో వేరే పరికరాల పిలుపులు వినాలా, వద్దా? యంత్రం ఆపేటప్పుడు పాత రియల్ మోడ్‌లోకి వెళ్ళి ఆపాలా? వాడేవాడు నిద్ర బటన్ నొక్కినా పట్టించుకోకూడదా? ఇన్ని ప్రశ్నలు ఎందుకంటే ఒక్కో కంపెనీ బయోస్‌కు ఒక్కో జబ్బు ఉండేది. ఒక ల్యాప్‌టాప్‌కు మందు అయినది ఇంకోదానికి విషం. ఇంకొక సంగతి, ఎ.పి.ఎం.కు ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లు ఉంటే చేతకాదు. అలాంటి యంత్రంలో లినక్స్ దాన్ని ఇంచుమించు పూర్తిగా పక్కన పెట్టేసేది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఆ ప్రశ్నల్లో ఒకటి మన దేశం వాళ్ళకు బాగా తగిలేది. 'మీ యంత్రంలోని గడియారం గ్రీన్విచ్ కాలం చూపిస్తుందా?' అని అడుగుతుంది. యంత్రం పడుకున్నప్పుడు కెర్నల్ కాలం లెక్కపెట్టలేదు. లేచాక మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీతో నడిచే గడియారాన్ని చూసి తెలుసుకోవాలి. విండోస్ కూడా ఉన్న కంప్యూటర్లలో ఆ గడియారం మామూలుగా మన స్థానిక కాలమే చూపిస్తుంది. అలాంటిదానికి ఎవరైనా 'అవును, గ్రీన్విచ్ కాలమే' అని జవాబు ఇచ్చారనుకోండి, కెర్నల్ నమ్మేస్తుంది. మనం గ్రీన్విచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. కాబట్టి సాయంత్రం 4 గంటలకు నిద్ర లేచిన ల్యాప్‌టాప్ రాత్రి 9.30 అని చూపిస్తుంది. తప్పు హార్డ్‌వేర్‌ది కాదు, జవాబుది. ఒక్క అక్షరం.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఎ.సి.పి.ఐ. అనే కొత్త పద్ధతి ప్రకటించాయి. ఇక్కడ అధికారం చేయి మారింది. బయోస్ ఇక పెత్తనం చేయదు. 'నా దగ్గర ఈ ఈ పరికరాలు ఉన్నాయి, వీటిని ఇలా ఆపాలి, ఇలా లేపాలి' అని పట్టికలు రాసి అప్పగిస్తుంది. వాటిని చదివి తీర్మానం చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. నిద్రకు మెట్లు కూడా పెట్టారు. ఎస్3 అంటే మెమరీకి మాత్రం కొంచెం కరెంటు ఇచ్చి మిగతావి ఆపడం. ఎస్4 అంటే మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద రాసుకుని పూర్తిగా ఆపేయడం. కాగితం మీద గొప్పగా ఉంది. కానీ పట్టికలు రాసేది మళ్ళీ ఆ కంపెనీలే, అందుకే తప్పుల పట్టికలూ వచ్చాయి. లినక్స్‌లో ఎ.సి.పి.ఐ. సరిగ్గా కుదురుకోవడానికి ఏళ్ళు పట్టింది. అయినా నా అభిప్రాయంలో ఈ మార్పే అన్నిటికంటే పెద్దది. ఎందుకంటే నిద్ర తీర్మానం మూసిన పెట్టెలోంచి తెరిచిన పుస్తకంలోకి వచ్చింది. తెరిచిన పుస్తకమైతే బెంగళూరులో కూర్చున్నవాళ్ళు కూడా దిద్దవచ్చు.

ఇంతకీ ఆ పుస్తకం ఇక్కడికి ఎలా చేరింది? అప్పట్లో ఇంటర్నెట్ అంటే ఫోన్ లైను మీద నత్త నడక. 1996లో పీసీక్వెస్ట్ అనే పత్రిక లినక్స్ సీడీని పత్రికతో పాటే పాఠకులకు ఇచ్చింది. ఆ పని వెనుక ఉన్నవారిలో బెంగళూరు నివాసి అతుల్ చిట్నిస్ గారు ముఖ్యులు. 2001 నుంచి 'లినక్స్ బెంగళూరు' పేరుతో ఇక్కడ ఏటేటా సభలు జరిగాయి. 2005లో దాని పేరు ఫాస్.ఇన్ అయింది. అంటే కెర్నల్‌ను దించుకుని, ప్రశ్నలకు జవాబులు ఇచ్చి, రాత్రంతా కంపైల్ చేసి చూసుకునే కుర్రాళ్ళు అప్పటికే ఈ ఊళ్ళో ఉన్నారన్నమాట.

ఇప్పుడు అసలు మన ఊరి కథ. 1998 అక్టోబరులో బెంగళూరులో ఒక అంతర్జాతీయ సభ జరిగింది. వెనుకబడిన దేశాలకు సమాచార సాంకేతికత ఎలా అందాలి అన్నది చర్చ. అందులోంచి ఒక ఆలోచన పుట్టింది. పల్లెటూరి మనిషి వాడగలిగే, చదువు రాకపోయినా వాడగలిగే, చేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి చేద్దామని. దాని పేరు సింప్యూటర్. భారతీయ విజ్ఞాన సంస్థలోని ఆచార్యులు స్వామి మనోహర్, విజయ్ చంద్రు, రమేశ్ హరిహరన్, వి. వినయ్ గార్లు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ అనే బెంగళూరు కంపెనీ ఇంజనీర్లు కలిసి 1999లో ఒక ట్రస్టు పెట్టారు. 2001 ఏప్రిల్ 25న నమూనాను లోకానికి చూపించారు. ధర 9,000 రూపాయల దగ్గర ఉండాలన్నది లక్ష్యం. ఊరికి ఒకటి కొన్నా చాలు, ఒక్కొక్కరికీ ఒక స్మార్ట్ కార్డు ఉంటే తమ కార్డు పెట్టుకుని వాడుకుని వెళ్ళవచ్చు. భారతీయ భాషల్లో రాత చూపించాలి, పైకి చదివి వినిపించాలి. ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్.

బ్యాటరీలు? టీవీ రిమోట్‌లో వేసే సన్న సైజువి, చార్జింగ్ చేసుకునేవి మూడు.

మూడంటే మూడే! రోజులో ఎన్నిసార్లు కరెంటు పోతుందో చెప్పలేని ఊళ్ళ కోసం చేసిన యంత్రం అది. అందుకే సింప్యూటర్ గురించి రాసేవాళ్ళు ధర గురించే ఎక్కువ రాస్తారు గానీ, నాకు దాని నిద్ర మీదే ఆసక్తి. లోపల ఉన్నది స్ట్రాంగ్ ఆర్మ్ ఎస్.ఎ.1110 అనే ప్రాసెసర్, వేగం 206 మెగాహెర్ట్జ్. ఇది బల్ల మీద పీసీ కుటుంబానికి చెందినది కాదు. దీనికి పీసీలో ఉండే బయోస్ లేదు. కాబట్టి ఎ.పి.ఎం. లేదు, ఎ.సి.పి.ఐ. పట్టికలూ లేవు. నిద్ర పుచ్చడం, లేపడం అంతా కెర్నల్ స్వయంగా చేసుకోవాలి.

ఆ చిప్‌కు మూడు స్థితులు ఉన్నాయి. పనిచేయడం, ఊరికే ఉండడం, నిద్ర. ఊరికే ఉన్నప్పుడు ప్రాసెసర్ గడియారం ఆగుతుంది గానీ చుట్టూ ఉన్న పరికరాలు నడుస్తుంటాయి. నిద్రలో మాత్రం చిప్‌లో చాలా భాగానికి కరెంటే ఉండదు. కాలం చూసే గడియారం, లేపే బటన్‌ను కనిపెట్టి ఉండే చిన్న భాగం ఇవి మాత్రం మేలుకుని ఉంటాయి. చిక్కు ఎక్కడంటే, నిద్రపోగానే ప్రాసెసర్ తన రిజిస్టర్లలో ఉన్నదంతా మరిచిపోతుంది. అందుకని పడుకునే ముందు కెర్నల్ ఆ సంగతులన్నీ మెమరీలో రాసిపెట్టాలి. తర్వాత 'నీ సంగతి నువ్వు చూసుకో' అని మెమరీకి చెప్పాలి, అంటే మెమరీ తనంతట తానే తనను తాజాగా ఉంచుకునే స్థితిలో పెట్టాలి. చివరగా 'లేచాక ఇక్కడికి రా' అనే ఒక్క చిరునామాను చిప్‌లో నిద్రలో కూడా చెరగని ఒక చిన్న గడిలో రాసుకోవాలి. చదువుతూ చదువుతూ పేజీలో నెమలీక పెట్టి పడుకోవడం లాంటిది. లేవగానే ప్రాసెసర్ కొత్తగా పుట్టినట్టు మొదటి నుంచి మొదలవుతుంది. మొదట నడిచే బూట్ ప్రోగ్రామ్ 'ఇది కొత్త పుట్టుకా, నిద్ర నుంచి లేవడమా?' అని చూసి, నిద్ర అయితే ఆ నెమలీక ఉన్న చోటికి దూకాలి. ఈ వరుసలో ఒక్క అడుగు ముందువెనుక అయితే యంత్రం లేవదు, లేచినా అంతా మరిచిపోయి లేస్తుంది.

ఇదే చిప్ కుటుంబం మీద నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు లార్ట్ అనే చిన్న బోర్డు చేసి, పని తక్కువ ఉన్నప్పుడు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించే ప్రయోగాలు లినక్స్‌లో చేశారు. ఆ పనులన్నీ అందరూ చూసేలా కెర్నల్‌లో చేరాయి. ఎక్కడో చేసిన పని ఇంకెక్కడో వాడుకోవచ్చు, అడగనక్కరలేదు. సింప్యూటర్ వాళ్ళు కూడా తమ హార్డ్‌వేర్ నమూనాను అలాగే అందరికీ తెరిచి ఇవ్వాలని ప్రత్యేకమైన లైసెన్సు తయారుచేశారు.

సింప్యూటర్ చివరికి ఏమైంది? కర్ణాటక ప్రభుత్వం భూమి రికార్డుల పనికి వాడి చూసింది. 2004లో ట్రస్టు ఆచార్యులు పెట్టిన పికోపెటా అనే కంపెనీ, మన జాలహళ్ళి వైపు ఉన్న భారత్ ఎలక్ట్రానిక్స్‌తో కలిసి అమిడా పేరుతో అమ్మకానికి తెచ్చింది. చేతిలో వంచితే పేజీ తిరిగే సెన్సర్ అందులో ఉంది, ఐఫోన్ రావడానికి మూడేళ్ళ ముందే! కానీ అమ్ముడైనవి కొన్ని వేలే. ఆ లోపల సెల్‌ఫోన్లు చవక అయ్యాయి. కొందరు దీన్ని ఓటమి అని రాస్తారు. అమ్మకాల లెక్క చూస్తే అవును, ఓటమే. మూడు చిన్న బ్యాటరీల మీద లినక్స్ నడిపే కంప్యూటర్‌ను ఈ ఊళ్ళో 2001లోనే చేసి చూపించారన్న మాట మాత్రం ఆ లెక్కలో పడదు.

ఆ తర్వాతి అయిదారేళ్ళు కెర్నల్‌లో నిద్ర గురించి పెద్ద చర్చలే జరిగాయి. అందులో ఒకటి చెప్పకుండా ఉండలేను. కెర్నల్‌కు గుండె కొట్టుకున్నట్టు ఒక టిక్ ఉండేది. పాత 2.4 కెర్నల్‌లో మామూలు పీసీ మీద సెకనుకు 100 సార్లు. 2.6లో దాన్ని 1000 చేశారు, పని చురుకుగా జరుగుతుందని. చురుకు సరే, పని ఏమీ లేకపోయినా ప్రాసెసర్ సెకనుకు వెయ్యిసార్లు లేచి చూడాలి. పిల్లవాడిని నిద్రపుచ్చి నిమిషానికోసారి 'నిద్ర పట్టిందా నాన్నా?' అని తట్టి లేపి అడిగినట్టు. ల్యాప్‌టాప్ వాళ్ళు గోల పెట్టారు. 2005 ఆగస్టులో వచ్చిన 2.6.13లో ఈ ప్రశ్న కూడా కాన్ఫిగర్ పట్టికలోకి ఎక్కింది. 100 కావాలా, 250 కావాలా, 1000 కావాలా అని. మధ్యస్థంగా 250 అని ముందే గుర్తు పెట్టి ఇచ్చారు. రెండు పక్షాలకూ నచ్చని రాజీ అది. 2007 ఏప్రిల్‌లో 2.6.21 వచ్చాక, పని లేనప్పుడు టిక్కే కొట్టకుండా ఊరుకునే పద్ధతి చేరింది. ప్రశ్న ఎంతకు జవాబు వెతకడం మాని, ఎందుకు అని అడిగినప్పుడే తగువు తీరింది.

ఇక ప్రాసెసర్ల సంఖ్య. ఎ.పి.ఎం.కు రెండో ప్రాసెసర్ అంటే చేతకాదని పైన చెప్పాను కదా. 2005 నుంచి ఇళ్ళల్లో కంప్యూటర్లకు కూడా రెండు కోర్లు రావడం మొదలైంది. ఇద్దరు పని చేస్తున్నప్పుడు ఇల్లు ఎలా పడుకుంటుంది? ఒకరు సామాను సర్దుతుంటే ఇంకొకరు తీస్తుంటారు. నిద్రకు ముందు మెమరీని, పరికరాలను ఒక పద్ధతిలో సర్దాలంటే ఒక్కరే మేలుకుని ఉండాలి. మిగతావాళ్ళను వరుసగా పక్కకు తప్పించాలి.

దీనికి జవాబు వేరే పని కోసం అప్పటికే తయారవుతూ ఉంది. పెద్ద సర్వర్లలో ఒక ప్రాసెసర్‌ను యంత్రం నడుస్తుండగానే తీసేయాలి, పెట్టాలి అన్నది బ్యాంకులు, పెద్ద కంపెనీల అవసరం. దాన్ని సి.పి.యు. హాట్‌ప్లగ్ అంటారు. 2004లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన లినక్స్ సింపోజియంలో దీని గురించి ఒక పత్రం సమర్పించారు. దాన్ని రాసిన అయిదుగురిలో శ్రీవత్స వడ్డగిరి గారు ఒకరు. ఆయన పనిచేసినది బెంగళూరులో ఉన్న ఐ.బి.ఎం. లినక్స్ టెక్నాలజీ సెంటర్‌లో. ఒక ప్రాసెసర్‌ను తప్పించడం అంటే స్విచ్ ఆపడం కాదు. దాని మీద నడుస్తున్న పనులన్నీ వేరేవాటికి పంచాలి. పరికరాల పిలుపులను దారి మళ్ళించాలి. దాని దగ్గర అలారం పెట్టుకున్న టైమర్లను తరలించాలి. 'నేను ఈ ప్రాసెసర్ మీదే ఉంటాను' అని పట్టుబట్టిన పని ఉంటే ఆ పట్టు విడిపించాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గ్యాస్ కనెక్షన్, పాలవాడు, పేపరువాడు అందరికీ కొత్త చిరునామా చెప్పినట్టు.

సర్వర్ల కోసం రాసిన ఈ పనినే తర్వాత నిద్రకు వాడుకున్నారు. ఈ సంగతి కాన్ఫిగర్ పట్టికలోనే కనిపిస్తుంది. ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లు ఉన్న యంత్రానికి నిద్ర కావాలని ఎంచుకుంటే, కెర్నల్ మనల్ని అడగకుండానే సి.పి.యు. హాట్‌ప్లగ్‌ను కూడా కలిపేసుకుంటుంది. అది లేకుండా ఇది కుదరదు కాబట్టి. తర్వాతి కాలంలో అదే బెంగళూరు కేంద్రం నుంచి శ్రీవత్స ఎస్. భట్ గారు ఈ హాట్‌ప్లగ్‌కూ నిద్రకూ మధ్య వచ్చే చిక్కులను విప్పారు. ప్రాసెసర్‌ను తీసేటప్పుడు మొత్తం యంత్రాన్ని ఒక్క క్షణం కూడా నిలపకుండా ఎలా చేయాలి అని 2013లో ఒక ప్రతిపాదన కూడా పెట్టారు. ఇద్దరి పేర్లూ శ్రీవత్సే, ఇద్దరూ వేరు వేరు మనుషులు. కెర్నల్ చరిత్ర చదివేటప్పుడు తికమక పడకండి.

ఎవరి దగ్గరైనా లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే ఇదంతా కళ్ళతో చూడవచ్చు. మూత మూసి పడుకోబెట్టి, మళ్ళీ తెరిచి, కెర్నల్ రాసుకున్న డైరీని డి-మెసేజ్ అనే ఆదేశంతో తెప్పించుకోండి. కొన్ని కంప్యూటర్లలో దానికి అడ్మిన్ అనుమతి అడుగుతుంది. ముందు పనులను నిలిపినట్టు, తర్వాత పరికరాలను ఒక్కొక్కటిగా ఆపినట్టు లైన్లు కనిపిస్తాయి. ఆ తర్వాత, యంత్రం ఎస్3 నిద్రలోకి వెళ్ళి ఉంటే, మొదటి ప్రాసెసర్ తప్ప మిగతావాటిని తప్పిస్తున్నాను అనే అర్థంతో ఒక లైను ఉంటుంది. దాని కింద ఒకటి, రెండు, మూడు అని వరుసగా పడుకున్న ప్రాసెసర్ల అంకెలు. లేచేటప్పుడు అవే అంకెలు మళ్ళీ అదే వరుసలో వస్తాయి.